మచ్చల చీతా.. మందకో హెచ్చరిక

సంతలో కోడెను కొనేటప్పుడు మనం ముందు రంగు చూస్తాం. తర్వాత సుడులు, కొమ్ములు, గంగడోలు, గిట్టలు, తోక చూస్తాం. నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతాం. పశువు ఏ జాతిదో, ఏ పనికి పనికొస్తుందో దాని ఒంటి మీదే రాసి ఉంటుందని పెద్దల మాట. అడవి జంతువుల సంగతీ అంతే. చీతానే తీసుకోండి. ఒంటి మీద మచ్చ దగ్గర్నుంచి కాలి గోరు దాకా, తోక కొస దాకా దాని గుర్తులు చదివితే ఆ జంతువు బతుకంతా తెలిసిపోతుంది.

"చీతాతో మాకేం పని? మా చేలో పడేవి అడవి పందులు, దొడ్లో పడేది చిరుత" అని మీరు అనవచ్చు. పని ఉంది. అదీ రెండు రకాలుగా. మొదటిది, మన దగ్గర చాలామంది చిరుతనే చీతా అంటున్నారు. ఏది వచ్చిందో తెలియకపోతే కాపలా ఎలా పెట్టాలో తెలియదు. రెండోది, చీతా జాతికి పట్టిన ఒక పెద్ద జబ్బు మన గొర్రెల మందల్లోనూ, మేకల దొడ్లలోనూ నిశ్శబ్దంగా ఉంది. ఆ జబ్బు పేరు దగ్గరి రక్తం.

చీతా మచ్చ వేరు, చిరుత మచ్చ వేరు

చీతా అనే పేరే మచ్చల నుంచి వచ్చింది. సంస్కృతంలో చిత్రక అంటే మచ్చలు గలది అని. లేత గోధుమ రంగు ఒంటి మీద గుండ్రటి నల్ల మచ్చలు దాదాపు 2 వేలు ఉంటాయి. ఒక్కో మచ్చ మన రూపాయి బిళ్ళంత, లేదా అంతకు కొంచెం పెద్దగా ఉంటుంది. మచ్చ నిండుగా ఉంటుంది. బొట్టు పెట్టినట్టు మొత్తం నలుపే. కడుపు కింద తెల్లగా ఉండి మచ్చలు ఉండవు. తోక చివర మాత్రం మచ్చలు కలిసిపోయి నల్లటి కట్లు కట్లుగా కనిపిస్తాయి.

చిరుత మచ్చ అలా ఉండదు. నాలుగైదు నల్ల రేకులు గుండ్రంగా చేరి పువ్వులా ఉంటాయి. మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో పసుపు రంగు కొంచెం ముదురుగా కనిపిస్తుంది. ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. నిండు బొట్టయితే చీతా, ఖాళీ పువ్వయితే చిరుత.

ఒక చీతా మచ్చలు ఇంకో చీతాకు ఉండవు. మన వేలిముద్రల్లాగే అన్నమాట. అడవిలో ఫొటోలు తీసి, మచ్చల వరస, తోక కట్లు పోల్చి ఏది ఏ చీతాయో అధికారులు గుర్తుపడతారు. ఈ మచ్చల ముగ్గు తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడే పడిపోతుంది. పెరిగేకొద్దీ మచ్చ పెద్దదవుతుందే గాని స్థానం మారదు.

ఎండిన గడ్డిలో ఈ రంగు, ఈ మచ్చలు బాగా కలిసిపోతాయి. చీతా చెట్టెక్కి మీదికి దూకే రకం కాదు. గడ్డిలో వంగి వంగి నడిచి దగ్గరికి చేరాలి. ఆ నడకకు ఈ మచ్చలే ముసుగు.

కళ్ళ కింద కాటుక చార

ముఖం చూస్తే చీతాను ఎవరైనా పోల్చుకోవచ్చు. కంటి లోపలి కొస నుంచి నోటి దాకా రెండు వైపులా నల్లటి చార దిగుతుంది. కాటుక కరిగి కన్నీటితో జారినట్టు ఉంటుంది. చిరుతకు ఈ చార లేదు. చీతా పట్టపగలు వేటాడే జంతువు. ఎండ వెలుగు కళ్ళలోకి కొట్టకుండా ఈ నల్ల చార ఆపుతుందని చెబుతారు.

పగలు ఎందుకు వేటాడుతుంది? రాత్రిళ్ళు సింహాలు, హైనాలు, చిరుతలు తిరుగుతాయి. వాటి ముందు చీతా నిలవలేదు. తాను కొట్టిన జింకను హైనా వచ్చి లాక్కున్నా చూస్తూ పక్కకు తప్పుకుంటుంది. దెబ్బ తగిలితే పరుగు పోతుంది, పరుగు పోతే తిండి పోతుంది. అందుకే కొట్లాటకు దిగదు.

పిల్లల వీపు మీద బూడిద జూలు

చీతా పిల్లలకు ఇంకో వింత ఉంది. పుట్టిన కొత్తలో మెడ నుంచి వీపు పొడవునా బూడిద రంగు పొడవాటి వెంట్రుకలు ఉంటాయి. కడుపు వైపు మాత్రం నల్లగా ఉంటుంది. దూరం నుంచి చూస్తే రాటెల్ అనే చిన్న జంతువులా కనిపిస్తుంది. రాటెల్ మహా మొండిది, సింహం కూడా దాని జోలికి పోవడానికి ఆలోచిస్తుంది. ఆ వేషం పిల్లలకు కాస్త రక్షణ అని చెబుతారు. మూడు నెలలు దాటాక ఆ జూలు తగ్గిపోతూ వస్తుంది.

అయినా పిల్లలు బతకడం కష్టమే. టాంజానియాలోని సెరెంగెటి మైదానంలో చాలా ఏళ్ళు గమనిస్తే, పుట్టిన నూరు పిల్లల్లో తల్లిని వదిలి సొంతంగా బతికే వయసు దాకా వచ్చినవి అయిదు మాత్రమే అని తేలింది. ఎక్కువ పిల్లల్ని చంపింది సింహాలే.

ఒళ్ళంతా పరుగు కోసమే

చీతా శరీరమంతా పరుగు కోసం చెక్కినట్టు ఉంటుంది. తల చిన్నది, నడుము సన్నం, కాళ్ళు పొడుగు, ఛాతీ లోతు. మన పందెం ఎద్దుకీ బరువు లాగే ఎద్దుకీ ఎంత తేడానో, చీతాకూ చిరుతకూ అంత తేడా.

గోళ్ళు: పిల్లి, చిరుత గోళ్ళు చర్మపు ఒరలోకి ముడుచుకుంటాయి. చీతా గోళ్ళకు ఆ ఒర లేదు. కుక్క గోళ్ళలా బయటికే కనిపిస్తాయి. పరుగులో నేలను పట్టుకోవడానికి ఇవి పనికొస్తాయి. కాని నేలకు రాసుకుని మొద్దుబారిపోతాయి. అందుకే చీతాకు చెట్టెక్కడం అంతగా రాదు. ముందు కాలికి కాస్త పైన ఉన్న బొటనగోరు మాత్రం వాడిగా ఉంటుంది. పరుగెత్తే జింక కాలును ఆ గోటితో తగిలించి పడేస్తుంది.

ముక్కు: గాలి బాగా పీల్చడానికి ముక్కు రంధ్రాలు వెడల్పుగా ఉంటాయి. ఆ చోటంతా ముక్కుకు పోవడంతో కోరలకు చోటు తగ్గింది. చీతా కోరలు చిన్నవి, దవడ బలహీనం. అందుకే మెడ విరవలేదు. గొంతు పట్టుకుని ఊపిరాడకుండా చేసి చంపుతుంది.

తోక: పొడుగ్గా ఉండి, చివర కాస్త బల్లపరుపుగా ఉంటుంది. పడవకు చుక్కాని ఎలాగో పరుగులో చీతాకు తోక అలాగ. జింక మలుపు తిరిగితే తోకను అటూ ఇటూ విసిరి ఒళ్ళు పడిపోకుండా కాచుకుంటుంది.

వెన్ను: విల్లులా వంగుతుంది, సాగుతుంది. పూర్తి వేగంలో ఒక్కో అంగ ఆరేడు మీటర్లు పడుతుంది.

ఎంత వేగం అని అడుగుతారు. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో బోట్స్వానా దేశపు అడవి చీతాలకు మెడ పట్టీలు కట్టి లెక్క తీశారు. అన్నిటికంటే ఎక్కువగా గంటకు 93 కిలోమీటర్లు నమోదయింది. కాని ఎక్కువ వేటలు అంతకన్నా బాగా తక్కువ వేగంతోనే సాగాయి. ఒక్కో పరుగు సగటున 173 మీటర్లు మాత్రమే. నాలుగు వేటల్లో దాదాపు మూడు వట్టివే. అంటే చీతా బలం గంటలకొద్దీ పరుగెత్తడంలో లేదు. రెండు గట్ల దూరంలో అయిపోయే పరుగులో, మలుపులో ఉంది. తర్వాత రొప్పుతూ కూర్చోవాల్సిందే.

ఇదే మనం గుర్తుంచుకోవలసిన మాట. ఒక పనికి పూర్తిగా తయారైన జంతువు ఇంకో పనికి పనికి రాకుండా పోతుంది. వేగం కోసం చీతా కోరలు, గోళ్ళు, కండ అన్నీ వదులుకుంది.

ఏది వచ్చిందో తెలిస్తేనే కాపలా

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ రోజు అడవి చీతా లేదు. నల్లమలలో గాని, శేషాచలంలో గాని, రాళ్ళ గుట్టల పల్లెల్లో గాని దొడ్లో పడి మేకను ఎత్తుకుపోయేది చిరుతపులే. "ఊళ్ళోకి చీతా వచ్చింది" అని పుకారు పుడితే, పగటి పూట భయపడి రాత్రి ఆదమరచి పడుకుంటారు. చిరుత వచ్చేది ఎక్కువగా రాత్రే. చీతాకు గోడ ఎక్కడం రాదు. చిరుత ఆరడుగుల గోడను కూడా తేలిగ్గా దూకుతుంది, మేకను నోట కరచుకుని చెట్టు కూడా ఎక్కుతుంది.

అందుచేత మన ప్రాంతంలో దొడ్డికి చుట్టూ ముళ్ళకంప ఒక్కటే చాలదు. పైకప్పు ఉండాలి. గోడకూ కప్పుకూ మధ్య సందు వదలకూడదు. తలుపు బిగువుగా ఉండాలి. దొడ్డి పక్కన పొదలు కొట్టేయాలి. చచ్చిన కోళ్ళు, పశువుల కళేబరాలు ఊరి పక్కన పడేస్తే కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది.

ఈ విషయంలో ఆఫ్రికాలోని నమీబియా రైతుల అనుభవం చూడండి. అక్కడ చీతాలు ఎక్కువ భాగం రైతుల భూముల్లోనే తిరుగుతాయి. మంద తగ్గినప్పుడల్లా తప్పు చీతాదే అనుకుని 1980 దశకంలో వేలకొద్దీ చీతాలను కాల్చారు, పట్టి పంపేశారు. లారీ మార్కర్ అనే అమెరికా మహిళ 1990లో అక్కడ చీతా సంరక్షణ సంస్థను పెట్టి, రైతుల ఇళ్ళకు వెళ్ళి మందలు ఎలా పోతున్నాయో కనుక్కుంది. 1994 నుంచి టర్కీ దేశపు పెద్ద కాపలా కుక్కల్ని పిల్లలుగా ఉన్నప్పుడే గొర్రెల మధ్య వదిలి పెంచి, రైతులకు ఇవ్వడం మొదలైంది. ఆ కుక్క మందనే తన కుటుంబం అనుకుంటుంది. చీతా కొట్లాటకు దిగదని చెప్పుకున్నాం కదా. కుక్క నిలబడి మొరిగితే చాలు, తప్పుకుంటుంది. ఈ కుక్కలున్న రైతుల్లో చాలామందికి నష్టం ఎనభై శాతానికి పైగా తగ్గింది. రైతు తుపాకీ దించాడు, చీతా బతికింది.

ఇదే పద్ధతిని చిరుత దగ్గర ఉన్నదున్నట్టు పెట్టకండి. చిరుతకు కుక్క మాంసం ఇష్టం. ఒంటరిగా బయట కట్టేసిన కుక్కను ముందు దాన్నే తీసుకుపోతుంది. హిమాలయాల్లో గొర్రెల కాపరులు కుక్క మెడకు ముళ్ళున్న ఇనుప పట్టీ కడతారు, ఈ భయంతోనే. జంతువును బట్టి కాపలా. అందుకే మచ్చ చూసి పోల్చుకోవాలని చెప్పడం.

మన నేల మీద చీతా కథ

ఒకప్పుడు చీతా మన దేశపు గడ్డి భూముల్లో తిరిగింది. రాజులు దీన్ని పట్టి మచ్చిక చేసి, కళ్ళకు గంతలు కట్టి, బండి మీద తీసుకెళ్ళి కృష్ణజింకల వేటకు వదిలేవారు. మొగలు చక్రవర్తి అక్బరు తన కాలంలో వెయ్యి చీతాలు పోగు చేశాడని కొడుకు జహంగీరు రాసుకున్నాడు. అన్ని చీతాలున్నా బంధనంలో ఒక్కటంటే ఒక్క ఈతే ఈనిందట. 1608లో ఓర్ఛా రాజు బీర్ సింగ్ దేవ్ ఒక తెల్ల చీతాను తెచ్చి చూపించాడని కూడా జహంగీరు రాశాడు. దాని ఒళ్ళు తెలుపు, మచ్చలు నీలి ఛాయ. రంగు తేడా పడిన చీతాను గురించిన పాత రాతల్లో ఇదొకటి.

బంధనంలో ఈనకపోవడం వల్ల వేటకు కావలసిన చీతాలను ప్రతిసారీ అడవి నుంచే పట్టి తెచ్చేవారు. అడవిలో తగ్గిపోతూ వచ్చాయి. గడ్డి భూములు సాగులోకి వచ్చాయి, జింకలు తగ్గాయి, తుపాకులు పెరిగాయి. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానపు రాజు 1947లో మూడు చీతాలను కాల్చాడు. మన దేశంలో చివరిగా నమోదైన చీతాలు అవేనని అందరూ చెప్పేది. అయితే అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన చిత్తూరు జిల్లాలో చీతా కనిపించినట్టు 1952లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఒక నమోదు అచ్చయింది. అదే 1952లో దేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు.

మళ్ళీ 70 ఏళ్ళకు, 2022 సెప్టెంబరు 17న, నమీబియా నుంచి 8 చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కుకు వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి ఇంకో 12 వచ్చాయి. కూనోలో పిల్లలు కూడా పుట్టాయి. పార్కు దాటి పల్లెల్లోకి వచ్చినవీ ఉన్నాయి. 2025 మార్చిలో దూడ మీద పడిన చీతాలను అక్కడి ఊరివాళ్ళు రాళ్ళు, కర్రలతో తరిమారు. రైతు నష్టం, జంతువు బతుకు రెండూ ఒకే పొలం గట్టు మీద నిలబడ్డాయి.

చలికోటు తెచ్చిన చావు

కూనోలో 2023లో జరిగిన సంగతి పశువుల పెంపకం తెలిసిన ప్రతివారూ వినాలి. ఆఫ్రికా దక్షిణ భాగంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా చలికాలం. ఆ నెలల కోసం చీతా ఒంటి మీద దట్టంగా బొచ్చు పెరుగుతుంది. కూనోకు వచ్చాక కూడా వాటి ఒళ్ళు పాత లెక్కే పాటించింది. ఆ నెలల్లో చలికోటు పెంచుకుంది. కాని ఇక్కడ ఆ నెలల్లో చలి లేదు. వాన, ఉక్కపోత. దట్టమైన బొచ్చు కింద తడి ఆరలేదు. మెడ మీద, వీపు మీద పుండ్లు పడ్డాయి. ఈగలు వాలి పురుగులు పడ్డాయి. విషం రక్తానికి ఎక్కి మూడు చీతాలు చచ్చిపోయాయి. మిగతావాటిని పట్టి, పరీక్ష చేసి, మందు వేసి, మెడ పట్టీలు తీశారు.

బొచ్చు పైపైన మెరుస్తుంటే లోపలి పుండు కనిపించదు. మన గొర్రెలకు వానాకాలంలో అయ్యేదీ ఇదే. అందుకే వానలు పడ్డ రోజుల్లో వారానికి ఒకటి రెండు సార్లు బొచ్చు విడదీసి చూడండి. పలుపు రాసుకునే మెడ, కొమ్ము మొదలు, తోక కింద, చెవి పోగు వేసిన చోటు ముఖ్యం. పురుగు పడితే టర్పెంటైన్ నూనెలో దూది ముంచి పెట్టి, పురుగులు బయటికి వచ్చాక ఏరేసి, శుభ్రం చేసి, పశువైద్యుడు చెప్పిన మందు రాయండి. వానలకు ముందే ఉన్ని కత్తిరించడం మంచిది. దూర ప్రాంతం నుంచి కొత్త జాతి పశువును తెచ్చుకున్నవారు మొదటి ఏడాది దాన్ని కంట కనిపెట్టి ఉండాలి. చోటు మారినంత త్వరగా ఒళ్ళు మారదు.

చుక్కల తల్లికి చారల పిల్ల

1926లో, అప్పట్లో రొడీషియా అని పిలిచిన నేటి జింబాబ్వేలో ఒక వింత తోలు దొరికింది. చుక్కల బదులు పెద్ద పెద్ద నల్ల మరకలు. వీపు మీద మెడ నుంచి తోక దాకా మూడు నల్ల చారలు. చీతాకూ చిరుతకూ పుట్టిందని కొందరు అనుకున్నారు. 1927లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఇది కొత్త జాతి అని పేరు కూడా పెట్టేశాడు. రాజ చీతా అని దాని వాడుక పేరు. తర్వాత ఆయనే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

చిక్కు విడింది 1981లో. దక్షిణాఫ్రికాలోని డి విల్ట్ చీతా కేంద్రంలో రెండు మామూలు చుక్కల ఆడ చీతాలు ఈనాయి. రెండూ అక్కచెల్లెళ్ళు. ఒక్కో ఈతలో ఒక్కో చారల పిల్ల పుట్టింది. అంటే ఇది వేరే జాతి కాదు. తల్లిలోనూ, తండ్రిలోనూ అణగి ఉన్న గుణం పిల్లలో బయటపడింది.

ఇది మనకు కొత్త కాదు. తెల్ల గొర్రెకూ తెల్ల పొట్టేలుకూ అప్పుడప్పుడు నల్ల పిల్ల పుట్టడం చూసే ఉంటారు. అణగి ఉన్న గుణం ఒకవైపు నుంచే వస్తే కనిపించదు. తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు, రెండూ కలిస్తేనే బయటికి వస్తుంది. రెండువైపులా ఆ గుణం దాగి ఉంటే నాలుగు పిల్లల్లో సగటున ఒకదానికి వస్తుంది. 2012లో శాస్త్రవేత్తలు ఆ గుణం ఏ జన్యువులో ఉందో కనిపెట్టారు. ఇళ్ళల్లో తిరిగే పిల్లుల్లో కొన్నిటికి చారలు పోయి సుడులు తిరిగిన పెద్ద మరకలు ఉంటాయి కదా, ఆ పిల్లికీ రాజ చీతాకూ మార్పు వచ్చింది ఒకే జన్యువులో.

ఇక్కడే అసలు విషయం. చార వస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంది, నష్టం లేదు. కాని ఇదే దారిలో అణగి ఉన్న చెడ్డ గుణాలు కూడా బయటికి వస్తాయి. దగ్గరి బంధువుల్ని జత కట్టిస్తే అవి కలిసే అవకాశం పెరుగుతుంది.

పైన వేల మచ్చలు, లోపల ఒకటే రక్తం

చీతాల మచ్చల్లో ఎంత తేడా ఉందో, లోపల అంత తేడా లేదు. దాదాపు 10, 12 వేల ఏళ్ళ కింద చీతా జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయి, మిగిలిన కొద్దిపాటి జంతువుల నుంచే మళ్ళీ పెరిగిందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. కొద్దిమంది సంతానమే గనుక ఈనాడున్న చీతాలన్నీ దగ్గరి చుట్టాలే.

అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ ఓబ్రయిన్ బృందం ఒక పరీక్ష చేసి 1985లో అచ్చు వేసింది. ఒక చీతా చర్మపు ముక్కను, చుట్టరికం లేని ఇంకో చీతాకు అతికించి చూశారు. మామూలుగా వేరే జంతువు చర్మాన్ని ఒళ్ళు ఒప్పుకోదు, రోజుల్లోనే కుళ్ళి ఊడిపోతుంది. పిల్లి చర్మాన్ని అతికిస్తే అలాగే ఊడిపోయింది. చీతా చర్మం మాత్రం అంటుకుని నిలిచింది. పరాయి చీతా చర్మాన్ని తన చర్మమే అనుకుంది ఆ ఒళ్ళు. మగ చీతాల వీర్యం చూస్తే అందులో డెబ్బయి శాతం దాకా లోపం ఉన్న కణాలే.

ఇందువల్ల నష్టం ఏమిటి? రోగం వచ్చినప్పుడు తెలుస్తుంది. 1982 ప్రాంతంలో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఒక జంతు పార్కులో పిల్లులకు వచ్చే వైరస్ జబ్బు చీతాలకు తగిలింది. సగానికి పైగా చచ్చిపోయాయి. అదే పార్కులో ఉన్న సింహాలకు ఏమీ కాలేదు. అన్ని తాళాలకూ ఒకటే తాళం చెవి అయితే దొంగకు ఒక్క చెవి దొరికినా చాలు. మందలో జీవాల రక్తంలో తేడా ఉంటే రోగం కొన్నిటిని తీసుకుపోయి కొన్నిటిని వదిలేస్తుంది. తేడా లేకపోతే మొత్తం దొడ్డి ఖాళీ.

మన మందలో ఏం చేయాలి

చీతాకు ఈ గతి పట్టింది దాని తప్పు వల్ల కాదు. మన మందకు పట్టిస్తున్నది మాత్రం మనమే. ఇరవై ముప్పయి గొర్రెలున్న చిన్న రైతు సొంత మందలో పుట్టిన పొట్టేలునే ఉంచుకుంటాడు. అది తల్లినీ, అక్కచెల్లెళ్ళనూ, తర్వాత తన కూతుళ్ళనూ దాటుతుంది. నాలుగేళ్ళు గడిచేసరికి పిల్ల పుట్టినప్పుడు బరువు తగ్గుతుంది. ఎదుగుదల మందగిస్తుంది. గొర్రెలు కట్టు నిలవవు. పుట్టిన పిల్లలు ఎక్కువగా చస్తాయి. మేత బాగోలేదనో, దిష్టి అనో అనుకుంటాం.

దక్షిణాఫ్రికాలో చాలా చీతాలు కంచె వేసిన చిన్న చిన్న రిజర్వుల్లో ఉంటాయి. వదిలేస్తే అక్కడా ఇదే జరుగుతుంది. అందుకని అక్కడివాళ్ళు చీతాల పుట్టుక రాసి పెట్టుకుని, ఒక రిజర్వు చీతాలను ఇంకో రిజర్వుకు మారుస్తుంటారు. పెద్ద ఖర్చుతో, మత్తు మందిచ్చి, విమానాల్లో పెట్టి కూడా మారుస్తారు. మనకు అంత ఖర్చు అక్కరలేదు. పక్క ఊరి రైతుతో పొట్టేలు మార్చుకుంటే చాలు.

పాటించవలసినవి ఇవి.

పొట్టేలును, మేకపోతును రెండేళ్ళకు ఒకసారి తప్పక మార్చండి. దానికి పుట్టిన ఆడ పిల్లలు చూలుకు వచ్చేలోపే అది మంద నుంచి వెళ్ళిపోవాలి.

20 నుంచి 30 గొర్రెలకు ఒక మంచి పొట్టేలు ఉండాలి. సొంత మందలో పుట్టిన మగ పిల్లలను నాలుగైదు నెలల్లోనే వేరు చేయండి, లేదా విత్తులు కొట్టించండి.

కొత్త పొట్టేలును దూరపు మంద నుంచి తీసుకోండి. అమ్మేవాడి పొట్టేలు మీ మంద నుంచే పోయినదో కాదో అడగండి. జాతి మాత్రం మార్చకండి. నెల్లూరు జోడిపి మందకు జోడిపినే, నల్ల గొర్రెల మందకు ఆ జాతినే ఎంచుకోండి. జాతి ఒకటే, రక్తం వేరు కావాలి.

తెచ్చిన దాన్ని మూడు నాలుగు వారాలు వేరుగా కట్టేయండి. నట్టల మందు తాగించి, టీకాలు వేయించి, ఈసుకుపోయే జబ్బు లేదని పశువైద్యుడితో పరీక్ష చేయించాకే మందలో కలపండి.

ఆవులకు, గేదెలకు సూది వేయించేటప్పుడు వీర్యం గొట్టం మీద ఆబోతు నంబరు ఉంటుంది. పిల్లవాడి నోటు పుస్తకంలోనైనా రాసి పెట్టుకోండి. తల్లికి వేసిన నంబరే పెయ్యకు వేయవద్దని చెప్పండి.

వింత రంగు పిల్ల పుట్టిందని మోజుపడి దాన్నే పెంపకానికి ఉంచుకోకండి. రంగు కోసం దగ్గరి చుట్టాలను కలిపితే, రంగుతో పాటు రోగమూ వస్తుంది.

చిరుత మీ జీవాన్ని చంపితే

చిరుతను గాని, చీతాను గాని చంపడం, ఉచ్చు పెట్టడం, కళేబరంలో విషం కలపడం వన్యప్రాణి చట్టం కింద పెద్ద నేరం. జైలు పాలవుతారు. అంతకన్నా నష్టపరిహారం అడగడం మేలు. జీవం చచ్చిన చోటు నుంచి కళేబరాన్ని కదపకండి. ఆ రోజే అటవీ శాఖ బీటు అధికారికి కబురు చేయండి. పశువైద్యుడి చేత చూపించి కాగితం తీసుకోండి. సాక్షుల ముందు పంచనామా రాయించండి. అర్జీ నకలు మీ దగ్గర ఉంచుకోండి. పాదముద్ర కనిపిస్తే తట్టనో గంపనో బోర్లించి కాపాడండి. గోళ్ళ గుర్తు లేకుండా గుండ్రంగా ఉంటే చిరుత. గోళ్ళ గుర్తు పడితే కుక్క, తోడేలు లేదా హైనా కావచ్చు. అధికారి వచ్చేసరికి ముద్ర చెరిగిపోతే మీ మాట తప్ప సాక్ష్యం ఉండదు.

ఒక్క చూపులో తేడా

చీతా: నిండు గుండ్రటి మచ్చలు. కంటి నుంచి నోటికి నల్ల చార. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు. గోళ్ళు బయటికి. పగటి వేట. గర్జించదు, పిల్లిలా గుర్రుమంటుంది, పిట్టలా కూస్తుంది. మన రెండు రాష్ట్రాల అడవుల్లో లేదు.

చిరుత: పువ్వులాంటి ఖాళీ మచ్చలు. ముఖం మీద చార లేదు. బలిసిన మెడ, పొట్టి కాళ్ళు. గోళ్ళు ఒరలో. రాత్రి వేట. రంపం కోసినట్టు అరుస్తుంది. చెట్టెక్కుతుంది, గోడ దూకుతుంది. మన గుట్టల్లో ఉంది.

వచ్చే ఈతకు ముందు మీ మందలో ఉన్న పొట్టేలు ఏ తల్లికి పుట్టిందో, ఎన్నేళ్ళుగా ఉందో ఒకసారి లెక్క చూసుకోండి. రెండేళ్ళు దాటితే ఈ వారం సంతకే తోలండి.